మూడంటే మూడు

నాలుగో నెల, పదకొండు

తెల్లజుట్టు గోష్ఠి ఈసారి పెంగ్ ఇంట్లో జరిగింది. ఎనిమిదిమంది ముసలివాళ్లం, ఎనిమిది పద్యాలు. విషయం ‘ముదిమిలోనూ చావని ఆశయం’. పదేళ్లుగా ఈ ఊళ్లో ఎవడూ ఇంకో విషయం మీద పద్యం రాసిన గుర్తు లేదు. ఐదు పద్యాల్లో పెట్టెలో పడి తుప్పు పట్టిన ఖడ్గం ఉంది, తనని యుద్ధానికి పిలవమని ఏడుస్తోంది. రాసిన ఐదుగురిలో ఒక్కడు కూడా పుట్టి బుద్ధెరిగి కూరగాయల కత్తి పట్టిన పాపాన పోలేదు. మిగతా మూడింట్లో కొండకొమ్మున దేవదారు చెట్టు. ఎంత మంచు పడినా అది వంగదట. అలాంటి పద్యమే చదివి కూర్చోబోతుంటే జూ గారికి నడుము పట్టేసింది. ఇద్దరు చెరో రెక్కా పట్టుకుని దించారు.

మూడు దేవదార్లలో ఒకటి నాది. కానీ నాది వేరు.

ఆసనాలు వయసు ప్రకారం. ఎనభై ఒకటేళ్ల పెంగ్ అందరికంటే పైన. అరవై తొమ్మిదేళ్ల నేను అందరికంటే కింద, గుమ్మం గాలి నేరుగా మోకాళ్లకు కొట్టేచోట. నలుగురి ముందూ “పెద్దయ్యగారూ” అంటూ వంగి వాడికి సారా పోయాలి. వాడూ వంగి అందుకుంటాడు, చెవులదాకా ఎర్రబడిపోతూ. నటించడం కూడా చేతకాదు వాడికి.

వాడి పద్యాలు అచ్చయ్యాయట. చెక్కల మీద చెక్కించి మరీ వేయించాడు. తలా ఒక ప్రతి పంచిపెట్టాడు, పెళ్లిలో తాంబూలం ఇచ్చినట్టు.

నాలుగో నెల, పన్నెండు

పెంగ్ పుస్తకం చదివాను. పుస్తకం అనాలి కాబట్టి అంటున్నాను. నూట నలభై పద్యాలు, నూట ముప్పై తొమ్మిదింట్లో తప్పులు. ఒకచోట అంత్యప్రాస తప్పింది, ఒకచోట పాదం కుంటింది, ఒకచోట చంద్రుడు పగలే ఉదయించాడు.

తప్పు లేని పద్యం ఒక్కటే, పదిహేడో పుటలో, ‘నది మేడ మీద’. యాభై మూడేళ్ల కిందట ఒక వసంతంలో నది ఒడ్డున మేడ మీద మేమిద్దరం తాగి కూర్చున్నప్పుడు వాడు రాసింది. ‘ఇరవై మూడేళ్ల వాళ్లం ఇద్దరం, ఇంకా ఏ గాలీ మోయని రెక్కలం’ అని వస్తుంది అందులో. దానికి తప్పు లేకపోవడానికి కారణం నేను. వాడు మొదట ఇరవై ఎనిమిది అని రాశాడు. ఉన్న వయసు రాశాడు పాపం. కానీ మా భాషలో ప్రతి మాటకీ సాగేదో విరిగేదో ఒక స్వరం ఉంటుంది, ఆ చోట సాగే స్వరం పడాలి. ఎనిమిదిది విరిగే స్వరం. ఒకటి నుంచి పది దాకా ఏ అంకె చూసినా విరిగేదే, సాగే స్వరం ఉన్నది మూడుకొక్కదానికే. నేను ఎర్రసిరాతో ఎనిమిది కొట్టేసి మూడు పెట్టాను.

“మనకి ఇరవై ఎనిమిది కదన్నా?” అన్నాడు.

“వయసు ఇంట్లో చెప్పుకో. పద్యంలో ఛందస్సు ఎంతంటే అంత” అన్నాను.

ఇన్నేళ్లూ ఆ కాగితం దాచుకుని, నేను దిద్దింది దిద్దినట్టే చెక్కించాడు. బుర్ర లేకపోయినా చెప్పినమాట వినే గుణం మాత్రం ఉంది.

ఐదో నెల, ఆరు

కచేరీ గోడమీద కొత్త ఆజ్ఞ అంటించారు. ఈ శరత్కాలం పరీక్షలో ఎనభై దాటినవాళ్లు మూడు విడతలూ మధ్యలో లేవకుండా రాస్తే చాలట. తప్పినా సరే, చక్రవర్తి దయతో రెండో పట్టం ఇస్తారట. కచేరీ పట్టీలో రాయించుకున్న వయసు ఒక్కటే చాలదట, వేరే రుజువు కూడా చూపించాలి. గోడ ముందు ముసలివాళ్లు తిరునాళ్లలో మిఠాయి అంగడి చుట్టూ మూగినట్టు మూగారు. అడుక్కునేవాడి చిప్పలో వేసే పట్టం అది. దానికోసం ఇంత తోపులాట.

అన్నం దగ్గర మా ఆవిడ అంది: “మీకూ ఎనభై దాటాయిగా.”

“మెల్లగా మాట్లాడు.”

“ఎవరు వింటారు, కోళ్లా? ఆ పన్నెండేళ్లూ ఎక్కడ దాచారో ఇప్పుడు పైకి తీయండి.”

ఈవిడ నోటికి అడ్డూ ఆపూ లేదు. ఆ పన్నెండేళ్లు దాచింది నేను ఒక్కణ్ణేనా? ప్రతివాడూ పరీక్షకు పేరు రాయించేటప్పుడు రెండో మూడో తగ్గించినవాడే. కానీ వాళ్లకు నా తెలివి లేదు. ఏడేళ్లు తగ్గించుకున్నవాణ్ణి ‘ఏ జంతువు సంవత్సరంలో పుట్టావు నాయనా’ అని అడగ్గానే పులో కుందేలో తేలక నీళ్లు నమిలి దొరికిపోతాడు. నేను తగ్గించింది పన్నెండు. పన్నెండేళ్లకోసారి అదే జంతువు తిరిగొస్తుంది, ఎద్దు సంవత్సరం మళ్లీ ఎద్దు సంవత్సరమే. ముప్పై ఒకటో ఏట గడ్డం నున్నగా గీయించుకుని వెళ్లి పంతొమ్మిది అని రాయించాను. పంతొమ్మిదేళ్లకే తొలి పట్టం, దాంతో వచ్చే నీలి అంగీ! ఊరంతా నోరు వెళ్లబెట్టింది. అదే పరీక్షలో పెంగ్ కూడా గట్టెక్కాడు, ఉన్న ముప్పై ఒకటీ ఉన్నట్టే రాయించుకుని. వాణ్ణి చూసి ‘పోనీలే, ఆలస్యంగానైనా’ అన్నారు జనం.

నా వయసు నిజమేనని హామీ సంతకం పెట్టినవాళ్లలో వాడొకడు. నాకంటే మూడు నెలలు చిన్న వాడు.

ఐదో నెల, ఏడు

నాకా పట్టం అక్కర్లేదు. నేను సొంతంగా గెలుస్తాను. ఇది నా పదిహేడో పరీక్ష.

ఐదో నెల, ఎనిమిది

అక్కర్లేదని నిన్న రాశాను. ఇవాళా అంతే.

ఐదో నెల, ఇరవై

పెంగ్ వచ్చాడు. ఎండు ముల్లంగి తెచ్చాడు. మా ఆవిడ వాణ్ణి ‘మరిదిగారూ’ అంటూ అంబలి పోసి కూర్చోబెట్టింది, నాకు పొద్దుటి నుంచి టీ కూడా ఇవ్వలేదు.

“అన్నా, నువ్వు కూడా నిజం చెప్పేసెయ్. ఇద్దరం కలిసి పుచ్చుకుందాం” అన్నాడు.

“చెబితే నా అంగీ ఊడుతుంది. హామీ పెట్టినందుకు నీదీ ఊడుతుంది. ఇద్దరం కలిసి పుచ్చుకునేది అదే.”

“అవునుకదా” అన్నాడు. అంతదాకా దాని గురించి ఆలోచించలేదన్నమాట. తెచ్చిన ముల్లంగిని అటూ ఇటూ తిప్పి, “మరి నేను ఒక్కణ్ణీ అడగనా?” అన్నాడు. నా అనుమతి కావాలట.

“నీకెందుకురా అది? ఈ వయసులో పట్టం పెట్టుకుని ఏం ఊడబొడుస్తావు?”

“అది కాదన్నా. దాని రాతి మీద కాస్త చోటు వదిలిపెట్టించాను కదా.”

వాడి పెళ్లాం పోయి పద్దెనిమిదేళ్లయింది. సమాధి రాయి మీద ‘ఫలానా పట్టం పొందిన పెంగ్ గారి భార్య’ అని చెక్కించాలని ఆ పట్టం పేరు వచ్చేచోట ఖాళీగా ఉంచాడు. ఆవిడకు మాట ఇచ్చాడట. ఆ ఖాళీలో పద్దెనిమిదేళ్లుగా నాచు పడుతోంది. ఏటా వెళ్లి గీకి వస్తాడు.

“అడుక్కో, పో” అన్నాను. నవ్వుకుంటూ వెళ్లాడు. ఇంతకంటే మర్యాదగా నేను ఏనాడూ మాట్లాడలేదు కాబోలు.

ఎనిమిదో నెల, పదహారు

మూడు విడతలూ అయ్యాయి. తొమ్మిది రోజులు, మనిషికొకటి చొప్పున ఇచ్చే ఆ పరీక్ష గూళ్లలో. నడుము ఇంకా నాలుగు మడతల్లోనే ఉంది.

పెంగ్‌కి నా ఎదురు వరసలోనే గూడు పడింది. రెండో విడతలో వాడికి జ్వరం. మూడో విడత ఉదయం చూద్దును కదా, కలం కింద పెట్టి గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు. లేచి బయటికి వెళితే దయా లేదు, దాక్షిణ్యమూ లేదు. మాట్లాడితే కాపలావాడు తంతాడు. నేను దగ్గాను. పద్యం తప్పు చదివినప్పుడల్లా వాణ్ణి చూసి నేను దగ్గే దగ్గు ఒకటుంది, ఊళ్లో అందరికీ తెలుసు. ఉలిక్కిపడి కళ్లు తెరిచాడు. నా వైపు చూసి, ఏదో తప్పు రాశాననుకుని మళ్లీ కలం పట్టాడు. ఆ పూట నాలుగుసార్లు దగ్గాను. కాపలావాడు నాకు క్షయ అనుకుని దూరం జరిగాడు.

నేను బాగా రాశాను. చాలా బాగా రాశాను. పద్యంలో ఒక్క స్వరం తప్పలేదు.

తొమ్మిదో నెల, నాలుగు

ఫలితాలు వచ్చాయి.

తొమ్మిదో నెల, ఐదు

జాబితా రాసినవాళ్లు ఒక వరస వదిలేసి ఉంటారు. అలా జరుగుతుంది.

గెలిచినవాళ్లలో మొదటివాడికి ఇరవై రెండేళ్లట. నిజం వయసో ఏమిటో.

తొమ్మిదో నెల, తొమ్మిది

చేమంతుల పండగ. గోష్ఠి అంతా కొండెక్కాం. ఎక్కాం అంటే, సగందాకా వెళ్లి అదే శిఖరం అనుకున్నాం. పెంగ్ పేరు దయ జాబితాలో ఉంది, రుజువు ఒక్కటీ చూపిస్తే అయిపోతుంది. అందరూ వాణ్ణి మధ్యలో కూర్చోబెట్టి సారా తాగించారు. మళ్లీ ఖడ్గాలు, మళ్లీ దేవదార్లు. జూ గారు ఈసారి దేవదారుని కూర్చునే చదివారు.

నన్ను చదవమన్నారు. గొంతు బాగాలేదన్నాను. నిజంగానే బాగాలేదు.

“రుజువుకి ఏం ఇస్తున్నావురా?” అని పక్కకు పిలిచి అడిగాను.

“నా పుస్తకమే ఇస్తానన్నా. యాభై ఏళ్ల పద్యాలు, తేదీలతో సహా ఉన్నాయి. అంతకంటే ఏం కావాలి?”

వాడి పద్యాలు ఎవరికైనా ఒక పనికి వస్తాయని నేను కలలో కూడా అనుకోలేదు. ఆ మాటే అన్నాను. పెద్దగా నవ్వాడు.

పదో నెల, మూడు

మా ఆవిడ బజారు నుంచి వార్త తెచ్చింది. పెంగ్‌ని కచేరీకి పిలిపించారట. గుమాస్తా దూ అని ఒక బక్కవాడున్నాడు, పరీక్ష రాయడం చేతకాక పరీక్ష రాసేవాళ్ల మీద పగ తీర్చుకునే రకం. వాడు పుస్తకంలోని ప్రతి తేదీ లెక్కగట్టాడు. పదిహేడో పుట దగ్గర ఆగాడు. యాభై మూడేళ్ల కిందట ఇరవై మూడు. అంటే ఇప్పుడు డెబ్బై ఆరు. ఎనభై ఒకటి కాదు. పెంగ్ దొంగ వయసు చూపించి చక్రవర్తి దయను కాజేయబోయాడట!

“మరి వాడు ఏం చెప్పాడు? నేను దిద్దానని చెప్పలేదా?”

“అచ్చులో ఏముంటే అదే నిజం అన్నాడట. ‘ఇద్దరం’ అని ఉంది, ఆ రెండోవాడెవడయ్యా అంటే జ్ఞాపకం లేదన్నాడట.”

వెధవ. పరమ వెధవ. ఇరవై ఎనిమిది అని నిజం చెబితే, ఆ రెండోవాడికీ, అంటే నాకూ, ఇరవై ఎనిమిదే అవుతుంది. అందుకని నోరు మూసుకున్నాడు. ఎవడు అడిగాడు వీణ్ణి?

పదో నెల, ఐదు

వాన. ముల్లంగి ఆరలేదు.

పదో నెల, ఆరు

అక్కడ మూడే పడాలి. ఏ ఛందోగ్రంథం తీసినా అంతే. నేను చేసిందాంట్లో తప్పేమీ లేదు.

పదో నెల, ఏడు

మూడే పడాలి.

పదో నెల, పదకొండు

పదిహేనున విచారణ. నేరం రుజువైతే వాడి నీలి అంగీ విప్పించి, మెడకు చెక్క పలక బిగించి మూడు రోజులు కచేరీ గుమ్మం ముందు నిలబెడతారట. ముందు పట్టం పోతుంది, ఆ తర్వాత మనిషీ పోతాడు. ఎనభై ఒకటేళ్ల మెడ అది.

గోష్ఠివాళ్లు ఒక్కరూ వాడి గడప తొక్కలేదు. మొన్నటిదాకా పిలుపు రాని యుద్ధాల కోసం ఏడ్చిన ఖడ్గాలన్నీ ఇప్పుడు ఏ పెట్టెలో దూరాయో! జూ గారిని అడిగాను. నడుం నొప్పి అన్నారు.

సాయంత్రం నా అంగీ తీసి చూసుకున్నాను. మోచేతుల దగ్గర మా ఆవిడ వేసిన మాసికలు. అంచు నలుపు వెలిసి బూడిద రంగయింది. యాభై ఏళ్లు. ఇది లేకపోతే నేను ఎవణ్ణి? బజారులో చేపలమ్మేవాడు కూడా ‘రువాన్ పండితులుగారూ’ అని పక్కకు తప్పుకుంటాడు దీన్ని చూసే. మూడేళ్లకి మళ్లీ పరీక్ష. ఇది ఉంటేనే ఆ గుమ్మం లోపలికి పోనిస్తారు. ఈసారి నేను గెలిచేవాణ్ణి.

“ఎందుకలా నిమురుతున్నారు, అదేమన్నా పిల్లా?” అంది మా ఆవిడ. “మూడు పెట్టిన చేత్తోనే వెళ్లి ఎనిమిది పెట్టి రండి.”

“చెప్పడం సులువే. ఆ తర్వాత నా సంగతి?”

“మీ సంగతి అరవై ఏళ్లుగా చూస్తున్నాను. అంగీ లేకుండా కూడా చూశాను. భయపడేంత ఏమీ లేదు.”

ఆడదానికి సిగ్గుండాలి. నాకు నవ్వొచ్చింది, అటు తిరిగాను.

పదో నెల, పదిహేను

ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

కచేరీకి వెళ్లేసరికి పెంగ్ మోకాళ్ల మీద ఉన్నాడు. తొలి పట్టం ఉన్నవాళ్లు అధికారి ముందు మోకరిల్లనక్కర్లేదు. అదీ మరచిపోయాడు. “లేవరా, నీకింకా అంగీ ఉంది” అన్నాను. నన్ను చూసి వాడి మొహం పాలిపోయింది. “అన్నా, నువ్వెందుకొచ్చావ్?”

“నీ పద్యం బాగాలేదని చెప్పడానికి.”

అధికారిగారికి నలభై దాటవు. రాజధానిలో చివరి పరీక్ష కూడా గట్టెక్కి వచ్చినవాడు. అలాంటివాళ్లను చూస్తే నాకు ఒళ్లు మంట.

“ఎవరు మీరు?” అన్నాడు.

“ఆ పద్యం దిద్దినవాణ్ణి, అయ్యా. పదిహేడో పుట తీయించండి. మూడో పాదంలో అంకె ఉన్నచోట ఏ స్వరం పడాలి?”

గుమాస్తా దూ గయ్యిమన్నాడు: “ఇది కచేరీ, మీ గోష్ఠి కాదు!”

అధికారిగారు చెయ్యెత్తి వాణ్ణి ఆపాడు. పుస్తకం అందుకుని పెదవులు కదుపుతూ చదువుకున్నాడు. బల్ల మీద వేలు తట్టాడు. ఎన్ని అధికారాలు వచ్చినా పద్యం కనిపిస్తే వేలు తట్టకుండా ఉండలేని జాతి మాది.

“సాగే స్వరం పడాలి” అన్నాడు.

“అక్కడ ఎనిమిది ఉంటే?”

“విరుగుతుంది.”

“తమరైతే ఏం పెడతారు?”

కొంచెంసేపు వేలు ఆడించాడు. “మూడు. ఇంకో దారి లేదు.”

“అదే నేను పెట్టాను. వీడు రాసింది ఇరవై ఎనిమిది. నది మేడ మీద, నా కళ్ల ముందు రాశాడు. వయసు సరిగ్గానే రాశాడు, పద్యమే రాయడం రాలేదు. వీడికి ఎనభై ఒకటి. అనుమానం అక్కర్లేదు.”

“మీకెలా తెలుసు?” అన్నాడు దూ. వాడు నా పేరు మీద వేలు పెట్టి పట్టీ చూపిస్తున్నాడు. “మీకు అరవై తొమ్మిది. ఆ లెక్కన ఆ మేడ మీద మీకు పదహారేళ్లు.”

“పదహారేళ్లకే అంత తాగి ఉంటే ఇవాళ ఇక్కడ నిలబడేవాణ్ణి కాదు” అన్నాను.

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. నేను నవ్వలేదు.  ఇంట్లో పదిసార్లు చెప్పుకున్న మాట నోట్లోనే ఉండిపోయింది. పెంగ్ నా అంగీ అంచు పట్టుకుని గుంజుతున్నాడు, వద్దని. విదిలించుకున్నాను.

“ఆ రెండోవాణ్ణి నేనే. నాకూ ఎనభై ఒకటి. ముప్పై ఒకటో ఏట పన్నెండేళ్లు తగ్గించి రాయించుకున్నాను.”

 గుమాస్తా కళ్లు మెరిశాయి. గబగబా కాగితాలు తిప్పాడు. “అయ్యా, హామీ సంతకాల్లో పెంగ్ పేరు ఉంది. ఒకే ఈడు వాళ్లు. తెలిసీ దొంగ హామీ పెట్టాడన్నమాట. అయితే ఇతని అంగీ కూడా…”

దీని కోసమే నేను నాలుగు రోజులు నిద్ర పాడుచేసుకున్నాను. జవాబు దొరకలేదు. అప్పుడు వాడి మొహం చూశాను. నోరు తెరుచుకుని, ముక్కు కారుతూ, పద్యం తప్పు చదివి నా దగ్గు కోసం ఎదురుచూసే మొహం.

“తెలిసి పని చేయడం వీడి జాతకంలో లేదయ్యా!” అన్నాను. “వీణ్ణి చూడండి. ఎనిమిది కొట్టేసి మూడు పెట్టాను. తన వయసే తనకు తెలీదా? అయినా ఎందుకని అడగలేదు. యాభై మూడేళ్లు దాచి, నేను మూడన్నాను కాబట్టి మూడనే చెక్కించాడు. నేను మూడంటే మూడు. నేను పంతొమ్మిదంటే పంతొమ్మిది. సంతకం పెట్టరా అన్నాను, పెట్టాడు. కాగితం మీద ఏముందో చదివి కూడా ఉండడు. రేపు నేను నువ్వు కోడివిరా అంటే కూత నేర్చుకుంటాడు. ఇలాంటివాణ్ణి శిక్షిస్తే శిక్షకే అవమానం. ఇందులో వీడు చేసిన నేరం ఒక్కటే, ఆ పుస్తకం. అది పూర్తిగా చదవమని గుమాస్తాగారిని శిక్షించండి, సరిపోతుంది.”

కచేరీ అంతా గొల్లుమంది. అధికారిగారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు, కానీ భుజాలు ఊగాయి. పెంగ్ ఒక్కడే నవ్వలేదు. “అవునండి, నేను చదవలేదండి” అన్నాడు. జీవితంలో మొదటిసారి అబద్ధం సమయానికి ఆడాడు.

అధికారిగారు నవ్వు దిగమింగి తీర్పు చెప్పాడు. పెంగ్ వయసు నిజమే, పేరు పైకి పంపిస్తారు. నా వయసు చూసి పలక వేయడం లేదు. కానీ అంగీ పోతుంది, పట్టీలోంచి పేరు పోతుంది. తొలి పట్టం లేనివాణ్ణి, ఎన్నేళ్లున్నా సరే, మా దేశంలో బాలవిద్యార్థి అంటారు. నాకు అదే రాశారు. బాలవిద్యార్థి రువాన్ షూచెంగ్.

అంగీ అక్కడే విప్పి ఇచ్చాను. మడత పెట్టబోతే దూ లాక్కున్నాడు. అంగీ లేనివాడు మోకరిల్లాలి కాబట్టి మోకరిల్లాను. లేవడానికి పెంగ్ చెయ్యిచ్చాడు. 

పదో నెల, పదహారు

ఏమీ రాయబుద్ధి కాలేదు. చలిగా ఉంది.

పదో నెల, పంతొమ్మిది

బజారుకు వెళ్లాను. చేపలమ్మేవాడు తప్పుకోలేదు. “తాతా, కాళ్ల కింద చూసుకో” అన్నాడు. ఇంటికి వచ్చి తలుపు వేసుకుని ఏడ్చాను. ఎవరికీ చెప్పేది లేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. మా ఆవిడ తలుపు బయటే కూర్చుని బఠాణీలు ఒలిచింది, లోపలికి రాలేదు.

పన్నెండో నెల, ఇరవై

పెంగ్‌కి పట్టం వచ్చింది. రాయి చెక్కేవాణ్ణి వెంటబెట్టుకుని వెళ్లాడు, నన్నూ రమ్మన్నాడు. చెక్కేవాడు ఒక అక్షరం వంకరగా చెక్కాడు. చెప్పాను. “పోనీలే అన్నా, దానికి చదువు రాదు” అన్నాడు పెంగ్. రాయికి ఆనుకుని చాలాసేపు దాంతో ఏదో మాట్లాడాడు. నేను వినలేదు. విన్నా రాయను.

సాయంత్రం గోష్ఠి. పట్టం లేనివాళ్లకు గోష్ఠిలో చోటు లేదని జూ గారు గొణిగారు. పెంగ్ నన్ను లాక్కెళ్లి అందరికంటే పైన కూర్చోబెట్టాడు. “అన్న నాకంటే మూడు నెలలు పెద్ద” అన్నాడు, ఊరంతా వినేట్టు. అక్కడ గుమ్మం గాలి కొట్టదు. కుంపటి పొగ మాత్రం నేరుగా కళ్లలోకే వస్తుంది. ఇన్నాళ్లూ ఇక్కడ కూర్చుని వీడు కళ్లు తుడుచుకుంటుంటే పద్యం విని కరిగిపోయాడనుకున్నాను.

రెండో నెల, నాలుగు

బాలవిద్యార్థుల పరీక్షకు పేర్లు రాస్తున్నారు. పొద్దున్నే వెళ్లాను. మా ఆవిడ “మళ్లీనా?” అంది. అని, తలపాగా సరిచేసింది.

వరసలో నా నడుమెత్తు పిల్లలు, వాళ్ల తండ్రులు. ఒకడు నా గడ్డం చూసి వాళ్ల నాన్న చాటుకు పోయాడు. నాలుగు గడియలు నిలబడ్డాను. హామీ కోసం పెంగ్ వచ్చాడు, కొత్త టోపీ పెట్టుకుని, దాన్ని మాటిమాటికీ సర్దుకుంటూ. రాసేచోట కొత్త గుమాస్తా ఉన్నాడు, మీసం కూడా సరిగ్గా రాలేదు. తలెత్తడు.

“పిల్లాడి పేరు?”

“రువాన్ షూచెంగ్.”

“తండ్రి పేరు, తాత పేరు?”

చెప్పాను.

“హామీ ఎవరు?”

“నేను” అన్నాడు పెంగ్, పట్టం పేరుతో సహా. గుమాస్తా అది విని గౌరవంగా తల వంచాడు కానీ పైకి చూడలేదు.

“వయసు?”

“ఎనభై రెండు.”

“తాతగారూ, మీది కాదు. పిల్లాడిది. అసలు పిల్లాణ్ణి తీసుకొచ్చారా?”

“తెచ్చాను. నీ ముందే నిలబడ్డాడు” అన్నాను. “ఎనభై రెండు అని రాసుకో. ఒక్క ఏడాది కూడా తగ్గించకు.”